పదికి పది తెచ్చుకున్న హాస్టల్ పిల్లలు

హాస్టల్ పిల్లలు అనగానే బయటివాళ్లు రెండు మాటలు అంటారు. ఒకటి "పాపం". రెండోది "క్రమశిక్షణ బాగా ఉంటుంది". ఈ రెండు మాటలూ వింటూ పెరిగినవాళ్లం మేము. నలుగురం ఇదే హాస్టల్లో పదో తరగతి దాకా ఉన్నాం. ఇప్పుడు మాలో ఒకరు నర్సు, ఒకరు స్కూల్ టీచర్, ఇద్దరు ప్రైవేటు ఉద్యోగులు. వార్షికోత్సవ సంచికకు ఏదైనా రాయమన్నప్పుడు మేమంతా కూర్చుని మాట్లాడుకున్నాం. జ్ఞాపకాలు ఎలాగూ చాలామంది రాస్తారు. మనలాగే ఇల్లు వదిలి, పెద్దవాళ్ల చేతుల్లో పెరిగిన మరికొందరు ఆడపిల్లల గురించి రాద్దాం అనుకున్నాం. వాళ్లు జిమ్నాస్టిక్స్ నేర్చుకున్న పిల్లలు. కొందరిది రుమేనియా, కొందరిది అమెరికా. దేశం వేరు, భాష వేరు, తిండి వేరు. అయినా వాళ్ల గురించి చదువుతున్నంతసేపూ మాకు మన హాస్టలే గుర్తుకొచ్చింది.

ముందు ఆ ఆట ఏమిటో రెండు ముక్కల్లో చెప్పుకుందాం. మహిళల జిమ్నాస్టిక్స్‌లో నాలుగు విభాగాలు ఉంటాయి. పరుగెత్తుకుంటూ వచ్చి బల్ల మీద చేతులు ఆనించి గాలిలో పల్టీలు కొట్టేది వాల్ట్. ఎత్తుగా ఒకటి, తక్కువ ఎత్తులో ఒకటి ఉండే రెండు కడ్డీల మీద ఊగుతూ చేసేది అన్‌ఈవెన్ బార్స్. సంగీతానికి తగ్గట్టు నేల మీద చేసేది ఫ్లోర్. నాలుగోది బీమ్. దాని వెడల్పు 10 సెంటీమీటర్లు, అంటే మన జానెడు కూడా ఉండదు. పొడవు 5 మీటర్లు, నేల నుంచి ఎత్తు 125 సెంటీమీటర్లు. మనకు దాని మీద నడవడమే కష్టం. ఆ పిల్లలు దాని మీద వెనక్కి పల్టీ కొట్టి మళ్లీ దాని మీదే నిలబడతారు. ఒళ్లు తేలిగ్గా, వంగేలా ఉన్నప్పుడే ఇవన్నీ నేర్చుకోవాలి కాబట్టి ఆరేడేళ్లకే మొదలుపెడతారు. ఆ వయసులో పిల్లలు పెద్దవాళ్లు చెప్పినట్టు వింటారు. ఎందుకు అని అడగరు. మేము రాయబోయే మంచీ చెడూ రెండూ అక్కడి నుంచే పుట్టాయి.

రుమేనియాలో ఒనెష్తి అని ఒక చిన్న పట్టణం ఉంది. 1960ల చివర్లో బేలా కారోలీ, ఆయన భార్య మార్తా అక్కడ ఆడపిల్లలకు జిమ్నాస్టిక్స్ నేర్పడం మొదలుపెట్టారు. బడి ఆవరణలో ఆడుకుంటూ బండిచక్రంలా గిర్రున తిరుగుతున్న ఒక ఆరేళ్ల పిల్ల బేలా కంటపడింది. ఆమె తండ్రి కార్ల మెకానిక్. ఆ పిల్ల పేరు నాదియా కొమనేచి. 1976 జులై 18న మాంట్రియల్ ఒలింపిక్స్‌లో నాదియా అన్‌ఈవెన్ బార్స్ మీద తన వంతు పూర్తిచేసి దిగితే స్కోరుబోర్డు మీద 1.00 అని పడింది. చూసేవాళ్లకు అర్థం కాలేదు. అసలు సంగతేమిటంటే, ఆ బోర్డుకు 10.00 చూపించే ఏర్పాటే లేదు. ఒలింపిక్ జిమ్నాస్టిక్స్‌లో పదికి పది వస్తుందని ఎవరూ అనుకోలేదు. అప్పటికి నాదియా వయసు 14 ఏళ్లు. ఆ ఒలింపిక్స్‌లో ఆమెకు ఏడుసార్లు పదికి పది వచ్చింది, మూడు బంగారు పతకాలు వచ్చాయి. బార్స్‌లో రెండో స్థానం కూడా ఒనెష్తి పిల్లకే దక్కింది. ఆమె తెయోదోరా ఉంగురేయాను. దేశానికి పడమటి వైపున్న రెషిత్సా నుంచి ఇల్లు వదిలి శిక్షణ కోసం అంత దూరం వచ్చిన పిల్ల.

1970ల చివర్లో దేవా అనే మరో పట్టణంలో జాతీయ శిక్షణ కేంద్రం ఏర్పడింది. ఆడపిల్లలు అక్కడే ఉండి, అక్కడే చదువుకుంటూ సాధన చేసేవారు. కారోలీ దంపతులు 1981లో అమెరికా వెళ్లి అక్కడే ఉండిపోయారు. ఆ తర్వాత కూడా రుమేనియా జోరు తగ్గలేదు. 1976 నుంచి 2012 వరకు జరిగిన ప్రతి ఒలింపిక్స్‌లోనూ ఆ దేశపు మహిళల జట్టు ఏదో ఒక పతకం తెచ్చింది. మామూలు ఇళ్ల నుంచి వచ్చిన పిల్లలు సాధించిన విజయం ఇది. ఇక్కడి వరకు చదివినప్పుడు మాకు గర్వంగా అనిపించింది.

అయితే కథ అక్కడితో ఆగలేదు. రుమేనియా రహస్య పోలీసుల పాత దస్త్రాలను పరిశీలించి స్టెజారెల్ ఓలారు అనే చరిత్రకారుడు 2021లో నాదియా గురించి ఒక పుస్తకం తెచ్చారు. శిక్షణలో పిల్లలను కొట్టడం, అవమానించడం, బరువు పెరగకుండా కడుపు మాడ్చడం గురించిన నివేదికలు ఆ దస్త్రాల్లో ఉన్నాయి. 2024 నవంబరులో చనిపోయిన బేలా తన మీద వచ్చిన ఇలాంటి ఆరోపణలను ఒప్పుకోలేదు. మమ్మల్ని ఎక్కువగా బాధపెట్టిన విషయం ఇంకొకటి ఉంది. పోలీసులకు అన్నీ తెలుసు. ఎవరు ఏం తిన్నారో, ఎవరు ఎందుకు ఏడ్చారో కాగితాల మీద రాసుకున్నారు. రాసి బీరువాలో పెట్టారు. హాస్టల్లో పెరిగినవాళ్లకు రిజిస్టర్ల సంగతి వేరే చెప్పక్కర్లేదు. రిజిస్టర్ ఎంత చక్కగా ఉన్నా, అందులో పేరున్న పిల్ల కడుపు నిండిందో లేదో అది చెప్పదు.

దేవా కేంద్రంలో పెరిగిన ఆండ్రియా రాదుకాన్ సంగతి చూడండి. 2000 సిడ్నీ ఒలింపిక్స్‌లో ఆల్ అరౌండ్ బంగారు పతకం గెలిచింది. అప్పటికి ఆమెకు 16 ఏళ్లు. పోటీకి ముందు జలుబు చేస్తే జట్టు డాక్టర్ మాత్ర ఇచ్చాడు. అందులో నిషేధిత మందు ఉన్నట్టు పరీక్షలో తేలింది. ఆమె పతకం వెనక్కి తీసుకుని, రెండో స్థానంలో ఉన్న తోటి క్రీడాకారిణి సిమోనా అమనార్‌కు ఇచ్చారు. డాక్టర్ మీద కూడా చర్య తీసుకున్నారు కానీ జీవితకాలపు కష్టం పోగొట్టుకున్నది మాత్రం ఆ అమ్మాయే. డాక్టర్ గారు మాత్ర ఇస్తే "ఇది ఏం మాత్ర?" అని పదహారేళ్ల పిల్ల అడుగుతుందా? మనలో ఎంతమందిమి అడిగాం? హెల్త్ క్యాంపులో వరుసలో నిలబడి, చేతిలో పెట్టింది నోట్లో వేసుకున్నవాళ్లమే కదా అందరం.

ఇప్పుడు అమెరికాకు వెళ్దాం. కారోలీ దంపతులు టెక్సాస్ రాష్ట్రంలో హంట్స్‌విల్ పట్టణం దగ్గర అడవి మధ్యలో ఒక శిక్షణ కేంద్రం కట్టారు. దాన్ని కారోలీ రాంచ్ అనేవారు. 2001 నుంచి 2016 దాకా మార్తా జాతీయ మహిళల జట్టుకు సమన్వయకర్తగా ఉన్నారు. ఆ కాలంలో దేశంలోని మేటి అమ్మాయిలందరూ వరుస శిబిరాలకు అక్కడికే రావాలి. 2012లోనూ 2016లోనూ అమెరికా మహిళల జట్టుకు బంగారు పతకాలు వచ్చాయి. ఆ రాంచ్‌లోకి తల్లిదండ్రులకు ప్రవేశం లేదు. ఫోన్ సిగ్నల్ సరిగా అందదు. కోచ్‌ల కళ్లముందు కడుపు నిండా తినాలంటే భయపడేవాళ్లమని చాలామంది అమ్మాయిలు తర్వాత చెప్పారు.

జాతీయ జట్టులో ఆడిన ఒక అమ్మాయి 2018లో కోర్టులో చెప్పిన సంగతి మేము మరిచిపోలేకపోతున్నాం. ఇంకోసారి రాంచ్‌కి పోవడం ఇష్టంలేక, ఇంట్లో స్నానాల గదిలో నేల మీద నీళ్లు చల్లి, తొట్టికి తల వెనక భాగాన్ని కొట్టుకుని, జారిపడ్డానని ఇంట్లోవాళ్లను నమ్మించింది. దెబ్బ తగిలితే పంపరని ఆమె ఆశ. మాకు సంక్రాంతి సెలవులు అయిపోయే రోజు గుర్తొచ్చింది. బస్టాండుకు బయలుదేరే వేళకు కడుపునొప్పి అనేవాళ్లం. అది ఇంటి మీద బెంగ. రెండు రోజులకు సర్దుకునేది. ఆ అమ్మాయిది బెంగ కాదు, భయం. బయటికి చూస్తే రెండూ ఒకేలా ఉంటాయి. పిల్ల "నేను పోను" అన్నప్పుడు అది బెంగో భయమో ఇంట్లోవాళ్లు కాస్త ఆగి కనుక్కోవాలి.

ఆ భయం మధ్యలోకి వచ్చాడు లారీ నాసర్. జాతీయ జట్టు డాక్టర్. ఆకలితో ఉన్న పిల్లలకు ఎవరూ చూడకుండా తినడానికి ఏదైనా ఇచ్చేవాడు. నవ్వుతూ మాట్లాడేవాడు. అందరూ కఠినంగా ఉండేచోట ఒక్కడు మెత్తగా మాట్లాడితే పిల్లలు అతన్నే నమ్ముతారు. అతను వైద్యం పేరుతో వందలాది ఆడపిల్లలపై లైంగిక అకృత్యాలు చేశాడు. తమకు ఏమీ తెలియదని కారోలీ దంపతులు చెప్పారు. వాళ్ల మీద ఎలాంటి నేరమూ రుజువు కాలేదు. కానీ ఆకలి, భయం, ఇంటికి దూరం, ఈ మూడూ ఒక్కచోట చేరితే అలాంటివాడికి పని ఎంత సులువవుతుందో మనకు అర్థమవుతుంది. ఈ మాట రాయడానికి మేము ముందు వెనక్కి తగ్గాం. చిన్న తరగతుల చెల్లెళ్లు కూడా ఈ సంచిక చదువుతారు. తర్వాత ఆలోచిస్తే, వాళ్ల కోసమే రాయాలి అనిపించింది.

2015 జూన్‌లో రాంచ్‌లో మ్యాగీ నికోల్స్ అనే అమ్మాయి, ఆ డాక్టర్ చేస్తున్నది సరైనదేనా అని ఇంకో అమ్మాయితో మాట్లాడుతుంటే ఆమె కోచ్ చెవిన పడింది. ఆ కోచ్ ఊరుకోలేదు. వెంటనే తల్లికీ, జిమ్నాస్టిక్స్ సమాఖ్యకూ చెప్పింది. ఆ తర్వాత జరిగింది చూడండి. సమాఖ్య ఆ విషయాన్ని ఎఫ్‌బీఐకి చెప్పడానికి సుమారు ఐదు వారాలు పట్టింది. ఎఫ్‌బీఐ ఏడాదికి పైగా నాన్చింది. 2016 సెప్టెంబరులో రేచల్ డెన్‌హోలాండర్ అనే మాజీ జిమ్నాస్ట్ తన పేరుతో సహా ఇండియానాపొలిస్ స్టార్ పత్రికకు చెప్పేదాకా లోకానికి తెలియలేదు. ఆ మధ్య కాలంలో మరో 70 మంది దాకా, లేదా అంతకంటే ఎక్కువమంది, అతని బారిన పడ్డారని కోర్టు పత్రాలను ఉటంకిస్తూ 2021లో అమెరికా న్యాయశాఖ ఇన్‌స్పెక్టర్ జనరల్ నివేదిక చెప్పింది. ఒక పిల్ల మాట్లాడింది, ఒక కోచ్ విన్నది. వాళ్లిద్దరూ తమ పని చేశారు. పైన కూర్చున్న పెద్దవాళ్లు చేయలేదు.

2018 జనవరిలో మిచిగన్ రాష్ట్రంలో జడ్జి రోజ్‌మేరీ అక్విలీనా కోర్టులో ఏడు రోజులపాటు 150 మందికి పైగా వచ్చి తమకు జరిగింది చెప్పారు. మాట్లాడతామని వచ్చినవాళ్లందరికీ ఆమె సమయం ఇచ్చారు. నాసర్‌కు 40 నుంచి 175 ఏళ్ల జైలు శిక్ష పడింది. అదే నెలలో సిమోన్ బైల్స్ తాను కూడా బాధితురాలినేనని బయటపెట్టి, మళ్లీ అదే రాంచ్‌కు సాధనకు వెళ్లాల్సి రావడం ఎంత కష్టమో రాసింది. మూడు రోజులకే, ఇకపై అక్కడ శిబిరాలు ఉండవని సమాఖ్య ప్రకటించింది. ఏళ్ల తరబడి జరగనిది, ఒక అమ్మాయి గట్టిగా మాట్లాడాక మూడు రోజుల్లో జరిగింది.

"అంత గట్టిగా ఉంచబట్టే కదా పతకాలు వచ్చాయి" అని కొందరు అంటారు. మా నలుగురిలో కూడా ఈ వాదన జరిగింది. నర్సు అయిన మా స్నేహితురాలు, స్టడీ అవర్స్‌లో తెల్లవారుజామున నాలుగున్నరకు లేపకపోతే నాకు ఈ ఉద్యోగం వచ్చేది కాదు అంది. నిజమే. ఆ వాదనకు జవాబు మాకు ఇద్దరు అమ్మాయిల కథల్లో దొరికింది.

1996 అట్లాంటా ఒలింపిక్స్‌లో కెరీ స్ట్రగ్ మొదటి వాల్ట్‌లో పడి చీలమండ దెబ్బతింది. అయినా రెండోసారి పరుగెత్తి దూకి, ఒంటికాలి మీద నిలబడి, తర్వాత కూలబడింది. బేలా ఆమెను చేతుల మీద ఎత్తుకుని తీసుకెళ్లిన ఫొటో లోకమంతా చూసింది. అమెరికా జట్టు గెలిచింది. తర్వాత లెక్క వేస్తే, ఆ రెండో వాల్ట్ లేకపోయినా జట్టు గెలిచేదే.

2021లో జరిగిన టోక్యో ఒలింపిక్స్‌లో సిమోన్ బైల్స్‌కు గాలిలో తాను ఎటు తిరుగుతోందో తెలియని స్థితి వచ్చింది. తల కిందుగా పడితే మెడ విరుగుతుంది. ఒక వాల్ట్ చేసి, జట్టు పోటీ నుంచి తప్పుకుంది. ప్రపంచంలో సగం మంది తిట్టారు. ఆమె వారం తర్వాత వచ్చి బీమ్‌లో కాంస్యం గెలిచింది. కొంతకాలం విశ్రాంతి తీసుకుని, 2024లో 27 ఏళ్ల వయసులో పారిస్ ఒలింపిక్స్‌కు వెళ్లి మూడు స్వర్ణాలు, ఒక రజతం తెచ్చుకుంది. "నావల్ల కాదు" అని ఒకరోజు చెప్పగలిగింది కాబట్టే మూడేళ్ల తర్వాత ఆడగలిగింది.

ఆమె సాధన చేసింది కూడా శిక్షణ కేంద్రంలోనే. టెక్సాస్‌లోనే స్ప్రింగ్ అనే ఊళ్లో బైల్స్ కుటుంబం కట్టిన వరల్డ్ చాంపియన్స్ సెంటర్. సిమోన్ చిన్నప్పుడు కన్నతల్లి పెంచలేని పరిస్థితి వస్తే కొంతకాలం ఇతరుల సంరక్షణలో ఉంది. తర్వాత తాత రాన్, ఆయన భార్య నెల్లీ దత్తత తీసుకుని పెంచారు. వాళ్లే ఈ కేంద్రాన్ని నిలబెట్టారు. ఫ్రాన్స్ నుంచి వచ్చిన సెసిల్, లోరాన్ లాండీ దంపతులు 2017 నుంచి పారిస్ ఒలింపిక్స్ దాకా ఆమెకు శిక్షణ ఇచ్చారు. వేరే చోట కోచ్ మాటలు పడలేక ఆట మానేద్దామనుకున్న జోర్డన్ చైల్స్ కూడా 2019లో ఇక్కడికి వచ్చి చేరింది. 2021లో జట్టుతో రజతం, 2024లో జట్టుతో స్వర్ణం గెలిచింది. అక్కడా గంటల తరబడి సాధన ఉంది, చేతులు బొబ్బలెక్కడం ఉంది. కష్టం తగ్గలేదు. నోరు విప్పితే వినేవాళ్లు ఉన్నారు, అంతే తేడా.

మన దగ్గర కూడా ఈ ఆటలో పేరు తెచ్చినవాళ్లు ఉన్నారు. అగర్తలాకు చెందిన దీపా కర్మాకర్ 2016 రియో ఒలింపిక్స్ వాల్ట్‌లో 0.150 పాయింట్ల తేడాతో కాంస్యం పోగొట్టుకుని నాలుగో స్థానంలో నిలిచింది. హైదరాబాద్ ఎల్‌బీ స్టేడియంలో నేర్చుకున్న బుద్దా అరుణారెడ్డి 2018లో మెల్‌బోర్న్ ప్రపంచకప్‌లో వాల్ట్ కాంస్యం గెలిచింది. జిమ్నాస్టిక్స్ ప్రపంచకప్‌లో మన దేశానికి అదే మొదటి వ్యక్తిగత పతకం. ఆమెను ఈ ఆటలోకి తెచ్చిన తండ్రి 2010లోనే చనిపోయారు. ఈ సంచిక చదివే చెల్లెళ్లలో ఎవరైనా బాగా పల్టీలు కొట్టేవాళ్లుంటే, పీఈటీ మేడమ్ గారికి చెప్పండి. భయపడి ఆగిపోవద్దు. మేము ఇదంతా రాసింది మిమ్మల్ని ఆపడానికి కాదు.

ఇక మన హాస్టల్ సంగతి ఒకటి చెప్పాలి. మాలో ఒకరు ఎనిమిదో తరగతిలో ఉన్నప్పుడు రెండు రోజులు అన్నం సరిగా తినలేదు. ఎవరికీ ఏమీ చెప్పలేదు. గిన్నెలు కడిగే కామాటి అమ్మ ప్లేట్లో మిగిలిన అన్నం చూసి కనిపెట్టింది. రాత్రి పక్కన కూర్చోబెట్టుకుని "ఏమైందమ్మా, ఎవరన్నా ఏమన్నా అన్నారా?" అని అడిగింది. బడికి వెళ్లే దారిలో ఒకడు రోజూ వెంటపడుతున్నాడని అప్పుడు బయటపడింది. కామాటి అమ్మ ఆ రాత్రే వార్డెన్ మేడమ్ గారికి చెప్పింది. మేడమ్ గారు తెల్లారి వాచ్‌మన్‌ను వెంటబెట్టుకుని పోలీస్ స్టేషన్‌కు వెళ్లారు. అమ్మాయిని ఒక్క మాట అనలేదు. బడి మాన్పించలేదు. ఆ తర్వాత వాడు ఆ దారిలో కనబడలేదు. పెద్ద పెద్ద ఆఫీసులకు ఏడాది దాటినా చేతకాని పని, చదువుకోని ఒక కామాటి అమ్మ, ఒక వార్డెన్ కలిసి ఒక్క రాత్రిలో మొదలుపెట్టి మరునాడు పూర్తిచేశారు.

చెల్లెళ్లూ, మీకు ఏదైనా ఇబ్బంది వస్తే వార్డెన్ గారికి చెప్పండి. ఆమెకు చెప్పలేకపోతే టీచర్‌కు చెప్పండి, కామాటి అమ్మకు చెప్పండి, ఇంట్లో చెప్పండి. ఒకరు వినకపోతే ఇంకొకరికి చెప్పండి. 1098 చైల్డ్ హెల్ప్‌లైన్‌కు ఏ ఫోన్ నుంచైనా ఉచితంగా మాట్లాడవచ్చు. 2012లో వచ్చిన పోక్సో చట్టం ప్రకారం, పిల్లల మీద లైంగిక నేరం జరిగిందని తెలిసిన పెద్దవాళ్లు పోలీసులకు చెప్పి తీరాలి. చెప్పకుండా దాచడం కూడా నేరమే. తప్పు చేసినవాడు సిగ్గుపడాలి, మీరు కాదు.

పాత విద్యార్థులకు ఒక మనవి. మనం వార్షికోత్సవానికి వచ్చి ఫ్యాన్లు ఇస్తాం, పుస్తకాలు ఇస్తాం, మంచిదే. ఈసారి వచ్చినప్పుడు ఒక గంట ముందుగా వచ్చి చిన్న తరగతుల పిల్లల పక్కన కూర్చుని భోజనం చేద్దాం. ర్యాంకుల సంగతి తర్వాత అడగవచ్చు. ముందు కడుపు నిండా తిన్నారా, ఇంటికి ఫోన్ చేసుకోనిస్తున్నారా, భయం వేస్తే ఎవరికి చెబుతారు అని అడుగుదాం. మూడో ప్రశ్నకు ప్రతి పిల్లా ఆలోచించకుండా ఒక పేరు చెప్పగలిగితే మన హాస్టల్‌కు పదికి పది వేయవచ్చు. ఏ పిల్ల అయినా జవాబు చెప్పలేక తల దించుకుంటే, ఆ రోజు ఇంటికి వెళ్లే బస్సు కాస్త ఆలస్యంగా ఎక్కుదాం.